డారిల్ కోటు మీది ఏడు గీతలు

2009 మే నెల. అమెరికాలో, ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద, మిఠాయి దుకాణానికీ నగల దుకాణానికీ మధ్య ఇరుక్కున్నట్టుండే ఆల్టరేషన్ షాపులో పనిచేస్తున్నాను. ఆల్టరేషన్ అంటే కొత్తగా కుట్టడం కాదు, ఉన్నదాన్ని ఒంటికి సరిచేయడం. పొడుగు తగ్గించడం, నడుం వదులు చేయడం, జిప్పు మార్చడం, చిరిగింది అతకడం. మా ఓనరు వసుంధర నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. నన్ను పిన్నీ అని పిలుస్తుంది.

మా పనిలో మొదటి మెట్టు టికెట్. బట్ట చేతికి రాగానే మనిషి పేరు, ఫోను నంబరు, చేయాల్సిన పని, అప్పటికే ఉన్న మరకలూ చిరుగులూ చీటీ మీద రాసి, తారీఖు ముద్ర కొట్టి బట్టకి పిన్ను పెడతాం. అలా చేయకపోతే రేపు "ఈ మరక మీ దగ్గరే పడింది" అని కస్టమర్ దెబ్బలాటకొస్తే మన దగ్గర జవాబుండదు.

యాభై ఒకటో ఏడు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. అందాకా టికెట్ మీద బొమ్మలు గీసేదాన్ని. "పిన్నీ, ఇది చొక్కానా, కోడా?" అని వసుంధర ఎన్నాళ్ళో నవ్వింది. నవ్వీ నవ్వీ, చివరికి మధ్యాహ్నం అన్నాల వేళ పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించింది. తర్వాత ఇంగ్లీషులో పేర్లు రాసేటంత నేర్పింది. రెండేళ్ళకి టికెట్లు నేనే రాయసాగాను. బొమ్మ గీయడం మాత్రం మానలేదు. చేతికి అలవాటైపోయింది.

మా వీధి చివర ఫర్నిచర్ గోడౌన్‌లో డారిల్ ట్రక్కు నడిపేవాడు. నల్లజాతి మనిషి, నలభై దాటాయి, ప్యాంట్లు పొడుగు చేయించుకోడానికి మా షాపుకి వచ్చేవాడు. అంత పొడుగు మనిషి, మా గుమ్మంలోంచి తల వంచుకునే రావాలి. మాణిక్యమ్మ అనడం నోరు తిరగక నన్ను మిస్ మణి చేశాడు. ఒకసారి పులిహోర పెడితే కారానికి కళ్ళనీళ్ళు కారుస్తూ తిని, "మిస్ మణి, ఇది లంచా, పనిష్‌మెంటా?" అన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చి, ఉందా అని అడిగాడు.

ఆ మే నెలలో ఒక సోమవారం నీలం కోటు పట్టుకొచ్చాడు. పై పెదవి వాచి ఉంది.

"మూడు వారాల్లో మా అమ్మాయి గ్రాడ్యుయేషన్. నర్సు అవుతోంది. నాకున్న కోటు ఇదొక్కటే. బాగవుతుందా?"

"ఏమైంది నీకు?"

"పడ్డాను" అన్నాడు. నేనింక గుచ్చి అడగలేదు.

టికెట్ రాశాను. 'రెండు చంక కుట్లు, ముందు వైపు తెగినవి. వెనక కుట్లు బాగున్నవి. వీపు మధ్య మట్టి, ఏటవాలు గీతలు ఏడు.' పక్కన కోటు బొమ్మ, దాని వీపు మీద ఏడు గీతలు.

అప్పుడు నేనొక పొరపాటు చేశాను. మాసిన బట్ట మీద సూది దించకూడదని మా అత్తగారి శాసనం. కుట్టుపని నేర్పినప్పుడు అలా సూది పెడితే చేతి మీద స్కేలుతో కొట్టేది. అమెరికాలో అయితే మురికి బట్టని తిప్పి పంపేస్తారు. నాకు మనసొప్పలేదు. తండ్రి కూతురి గ్రాడ్యుయేషన్‌కి వేసుకునే కోటు కదా అని, మట్టి అంతా బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో ఆనవాలు లేకుండా తుడిచేశాను. ఆ వారం బ్లౌజుల రద్దీలో కుట్లు మాత్రం వేయలేకపోయాను. అదే మేలైంది.

నాలుగో రోజు డారిల్ ఒక లాయరమ్మని వెంటబెట్టుకొచ్చాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆదివారం చర్చి నుంచి వస్తుంటే పక్క ఊరి పోలీసులు కారు ఆపారట. ఎవరో దొంగ అనుకున్నారట. చేతులు వెనక్కి విరిచి బోర్లా పడేసి, ఒక ఆఫీసరు వీపు మీద బూటుకాలు పెట్టి తొక్కాడట. రిపోర్టులో మాత్రం ఇతనే ముందు చేయి విసిరాడని, ఆ పెనుగులాటలో కోటు చిరిగిందని, కాలు ఎవరూ పెట్టలేదని రాశారు. పైగా పోలీసు మీద చేయి చేసుకున్నాడని ఇతని మీదే కేసు పెట్టారు. అది నిలబడితే జైలు, ట్రక్కు ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే.

లాయరమ్మ కోటు వెనక్కి తిప్పి చూసి, "మట్టి ఏదీ? బూటు గుర్తేదీ?" అంది.

"శుభ్రం చేశాను" అన్నాను.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. "ఆవిడకి తెలీదు కదా" అన్నాడు డారిల్, అంతే. తిట్టినా బాగుండేది.

అప్పుడు వసుంధర అరిచింది. "పిన్నీ! టికెట్!"

తీసి చదివి, సోమవారం తారీఖు ముద్ర చూపించి, ఇంగ్లీషులో చెప్పింది. లాయరమ్మ స్టూలు మీంచి లేచి నన్ను కావలించుకుంది. ఆవిడ జుట్టు నా కళ్ళజోడులో చిక్కుకుంటే విడదీయడానికి డారిల్ రావాల్సొచ్చింది.

కోటూ టికెట్టూ సాక్ష్యమని పట్టుకెళ్ళిపోయారు. ఆ సాయంత్రం వసుంధర కంప్యూటర్‌లో ఏదో చదివి మొహం చిట్లించింది.

"పిన్నీ, అతను జైలుకెళ్ళొచ్చాడట. కార్ల దొంగతనం. మనకెందుకు చెప్పు ఈ గొడవ? గ్రీన్ కార్డు మీద ఉన్నదానివి, ఇంకా ఇక్కడి పౌరురాలివి కూడా కాదు."

అబద్ధమెందుకు, గల్లాపెట్టె పక్కనే స్టూలేసి కూర్చోబెట్టానే అని మొదట కోపమే వచ్చింది. మర్నాడు డారిల్‌నే అడిగాను.

"దొంగతనం చేశావా?"

"చేశాను. పంతొమ్మిదేళ్ళప్పుడు. రెండు కార్లు. మూడేళ్ళు లోపల ఉన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ప్యాంటు పొడుగు చేయించుకోడానికి వచ్చి అది ఎలా చెప్పను, మిస్ మణీ?"

నవ్వొచ్చింది. ఆ నవ్వుతో కోపం పోయింది. దొంగతనానికి మూడేళ్ళని జడ్జి లెక్క కట్టాడు, ఇతను తీర్చి వచ్చాడు. వీపు మీద బూటు ఆ లెక్కలో లేదు కదా. వసుంధరకి అదే చెప్పాను. తను లేచి, ఎవరూ తీసుకెళ్ళకుండా ఏడాది దాటిన బట్టల రాడ్డు దగ్గరికెళ్ళి, మెరూన్ రంగు జోధ్‌పురి కోటు లాక్కొచ్చింది. ఎవరో పెళ్ళికొడుకుది, జరీ కాలరుతో.

"కోటు పోలీసుల కేసులో ఉంటే పాపం అమ్మాయి గ్రాడ్యుయేషన్‌కి ఏం వేసుకెళ్తాడు? చేతులు నాలుగంగుళాలు పెంచగలవా పిన్నీ?"

పెంచాను. లోపలి మడతలో గుడ్డ రెండంగుళాలే దొరికింది. మిగతా రెండంగుళాలకీ జరీ పట్టీ వేశాను. అద్దంలో చూసుకుని డారిల్, "రాజులా ఉన్నానా, రెస్టారెంట్ గుమ్మం దగ్గరి మనిషిలా ఉన్నానా?" అన్నాడు.

"రెండూ" అంది వసుంధర.

గ్రాడ్యుయేషన్‌కి మమ్మల్నీ పిలిచాడు. వాళ్ళమ్మాయి స్టేజి మీంచే తండ్రిని చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్కడున్న తండ్రులందరిలో ఎక్కువ ఫొటోలు అతనివే తీశారు.

జూన్ చివర నన్ను ప్రాసిక్యూటర్ ఆఫీసుకి స్టేట్‌మెంట్ ఇవ్వడానికి పిలిచారు. కేసు నడపాలో వద్దో తేల్చుకోడానికి ముందే ప్రమాణం చేయించి అడుగుతారు, అదే స్టేట్‌మెంట్. నా తెలుగుని ఇంగ్లీషులో, వాళ్ళ ఇంగ్లీషుని తెలుగులో చెప్పడానికి ఒక పెద్దాయన్ని పెట్టారు. ప్రాసిక్యూటర్ బొద్దుగా ఉన్నాడు, కోటు బిగుతు.

"కోటు తెచ్చినప్పుడు ఇతను జైలుకెళ్ళినవాడని మీకు తెలుసా?"

"తెలీదండీ."

"తెలిసుంటే?"

"తెలిసుంటే అడ్వాన్సు తీసుకునేదాన్ని."

తెలుగు పెద్దాయన ముందు నవ్వేసి, తర్వాత చెప్పాడు. ప్రాసిక్యూటర్ నవ్వలేదు.

"టికెట్ వేరేగా రాసేవారా?"

"వేరేగా ఏం రాస్తానండీ? దొంగ వేసుకున్నా దొర వేసుకున్నా, చేతులు ముందుకి విసిరితే చంకలో వెనక కుట్టు తెగుతుంది. వెనక్కి విరిస్తే ముందు కుట్టు తెగుతుంది. వేసుకున్నవాడు జైలుకెళ్ళొచ్చాడని కోటుకి తెలీదు కదా. కావాలంటే మీరొకసారి చేతులు ముందుకి చాపండి."

చాపాడు. వీపు దగ్గర కుట్టు కిర్రుమంది.

"ఇంకొంచెం."

"నో, థాంక్యూ" అన్నాడు, గబుక్కున చేతులు దించుకుని. ఈసారి అతనూ నవ్వాడు.

తర్వాత గొంతు మార్చి అడిగాడు. "ఆ గీతలు బూటువేనని మీరెలా చెప్పగలరు?"

"చెప్పలేనండీ. బూటు అని నేను రాయలేదు. గీతలని రాశాను. కనబడిందే రాశాను."

నా పక్కనే కూర్చున్న లాయరమ్మ ఆ ఆఫీసర్లు వేసుకునే బూటు అడుగు ఫొటో బయటికి తీసి టికెట్ పక్కన పెట్టింది. ఏటవాలు గీతలు. ఏడు. ప్రాసిక్యూటర్ ఒక్కొక్కటీ పెన్సిల్‌తో లెక్కపెట్టాడు. రెండోసారి కూడా లెక్కపెట్టాడు.

ఆగస్టులో కేసు కొట్టేశారు. ఆ ఆఫీసరుని వీధి డ్యూటీ నుంచి తీసేసి విచారణ పెట్టారు. కబురు తెలిసిన రోజు డారిల్ గోడౌన్ వాళ్ళందరినీ వెంటేసుకొచ్చాడు. వసుంధర పక్క దుకాణం నుంచి జిలేబీలు తెప్పించింది, నేను కారం తగ్గించి పులిహోర కలిపాను. తిని, "మిస్ మణి చేతిలో పస తగ్గింది" అని డారిల్ అందరికీ ఫిర్యాదు చేశాడు.

అందరూ వెళ్ళాక వసుంధరని ఒకటే అడిగాను. కొత్త టికెట్ పుస్తకాలు అచ్చు వేయించేటప్పుడు పేరు గడిని అట్టడుగుకి మార్చమన్నాను. మార్చింది. ఎవరి బట్ట అని ముందు తెలిస్తే నా కన్ను మనిషి వైపే పోతుంది. తర్వాత చిరుగు కూడా ఆ మనిషికి తగ్గట్టే కనిపిస్తుంది. డారిల్ జైలు సంగతి విన్నప్పటి కోపం నాకు ఒక రాత్రంతా ఉంది, నేనే ఎరుగుదును. కొత్తగా పనిలో చేరినవాళ్ళు "పేరు కింద ఎందుకుందండీ?" అని అడుగుతారు. ముందు బట్ట చూడమంటాను. ఏముందో అంతా రాశాకే తలెత్తి, ఎదురుగా ఉన్న మనిషిని నవ్వుతూ పేరడగమంటాను.