లడ్డూలు పంచిన పూట

మొన్న మా కొత్త కోడలి సారె వచ్చింది. మిఠాయి గంపలు వసారాలో దిగాయో లేదో, నేను గబగబా లోపలికి వెళ్లి టీవీ పెట్టి వార్తలు చూశాను. మా అబ్బాయి పగలబడి నవ్వాడు. నవ్వడూ మరి! ఆ రోజు వాడు ఎక్కడో హాస్టల్లో హాయిగా ఉన్నాడు.

అప్పుడు మేం కోటబొమ్మాళిలో ఉండేవాళ్లం. మా మరిదికి కొత్తగా పెళ్లయింది. చిన్న తోటికోడలు విజయనగరం నుంచి పుట్టింటి సారెతో దిగింది. మా వైపు సారె అంటే ఇంట్లో దాచుకు తినేది కాదు, వీధిలో ఒక్క గడపా తప్పకుండా పంచాలి, అదీ వచ్చిన పూటే. ఒక్క ఇల్లు మరిచామా, ఆ ఇంటివాళ్లు బతికున్నంత కాలం దెప్పుతారు. ఆ పొద్దున కరెంటు లేదు. టీవీ లేదు, ఫోన్లలో చార్జింగూ లేదు. మా అత్తగారు పట్టుచీర కట్టుకుని, లడ్డూలూ నువ్వుల చిమ్మిలీ ఉన్న గంప నా చంకకెత్తి బయలుదేరదీశారు.

మొదటి ఇంటాయన మమ్మల్ని చూడగానే కేరింతలు కొట్టినంత పని చేశాడు. "బలే బేగి తెచ్చీసినారే!" అంటూ రెండు లడ్డూలు అడిగి మరీ తీసుకున్నాడు. మా ఇంటి కొత్త పెళ్లికూతురంటే ఎంత అభిమానమో అని మురిసిపోయాం. పక్కింటివాళ్లు మా మొహం మీదే తలుపేశారు. మా అత్తగారికి ఒళ్లు మండింది. ఎదురింటి ముసలమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది, ఏడ్చి ఏడ్చి మొహమంతా వాచిపోయి. మేం అరుగు మీద పెట్టిన లడ్డూ వంక చూసి, "మీకు సేతులెలా వచ్చినాయే? ఆయన పోయినాడు కదే!" అంది.

పోయింది ఓ పెద్ద నాయకుడు, పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ సగం వీధికి కోపం. ముసలమ్మకి పింఛను ఇప్పించిన దేవుడు ఆయనే, మొదటి ఇంటాయన పొలం పోవడానికి కారణమూ ఆయనే. మా అత్తగారు, "అప్పా, ఇది మా కోడలి సారె. మాకేటీ తెలీదు" అన్నారు. అంతలో బజారు వైపు ఆయనంటే గిట్టనివాళ్ల టపాకాయలు పేలాయి, ఆ వెనకే అరుపులు.

పరుగున ఇంట్లో పడి గడియ పెట్టుకున్నాం. మగవాళ్లు పొలంలో ఉన్నారు. మిగిలిన గంపలు దొంగసొత్తులా మంచం కిందకి తోశాం. అయినా గది నిండా నెయ్యీ యాలకులూ ఘుమఘుమలాడుతున్నాయి. ఆ వాసనకి అంత భయపడ్డాను, ఎవరైనా నమ్ముతారా! తోటికోడలు నా చెయ్యి వదలకుండా, "నా మూలానే కదక్కా?" అని ఒకటే ఏడుపు. చప్పుడు బయటికి పోకుండా నా కొంగు తన నోటికి అడ్డం పెట్టాను.

బైకులు మా గుమ్మం ముందే ఆగాయి. "మా నాయకుడు పోతే మిఠాయిలు పంచుతార్రా? తియ్యండి తలుపు!" కిటికీ సందులోంచి చూశాను. కర్ర పట్టుకుని ముందున్నవాడు, అంతకు కొద్దిరోజుల ముందే మా మరిది పెళ్లిలో "ఇంకొంచెం ఏసుకో వదినా" అంటూ నాకు కొసరి కొసరి వడ్డించిన కుర్రాడు. కర్రతో తలుపు మీద కొట్టాడు. పైనుంచి సున్నం రాలింది.

అప్పుడు ముసలమ్మ వీధి దాటి వచ్చింది. చేతిలో మేమిచ్చిన లడ్డూ.

"నన్ను సూడండ్రా. ఆయన కోసం మీ అందరికంటే నానే ఎక్కువ ఏడిసినాను. ఇది కొత్త పిల్ల సారె. ఆళ్లకి తెలక పంచినారు. ఇదిగో, నాను తింతన్నాను."

ఏడుస్తూనే నోట్లో పెట్టుకుంది. కుర్రాళ్లు ఒక్కొక్కరే బైకులెక్కి పోయారు. మేం చాలాసేపు తలుపు తీయలేదు. తీసేసరికి ఆవిడ ఇంకా మా మెట్టు మీదే ఉంది, ఆ ముద్ద మింగలేక. నీళ్లిచ్చి, ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాను.

ఆవిడ ఇప్పుడు లేదు. జంక్షన్లో ఆ నాయకుడి విగ్రహం నీడన జనం బస్సు కోసం నిలబడుతున్నారు. అప్పటి కుర్రాడు పిల్లల తండ్రయ్యాడు. ఎక్కడ కనిపించినా "బాగున్నావా వదినా?" అని నిండుగా నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. కాకపోతే ఇన్నేళ్లయినా, ముందు వాడి చేతుల వంక చూసి, ఆ తర్వాతే నవ్వుతాను.