మాత్ర తెచ్చిన కలలు

సలీమా పట్టణం దగ్గర సరస్సు ఒడ్డున ఉసిపా చేపలు ఎండబెట్టే ఆడవాళ్లలో మాలిటా ఒక్కతే పొద్దు వాలగానే పని చాలించేది. మిగతావాళ్లు తడికెల మీది చిట్టి చేపలు గంపలకెత్తి కబుర్లలో పడితే, ఆమె రెండు ముద్దలు న్సిమా అనే మొక్కజొన్న సంకటి తిని, ఒక మాత్ర వేసుకుని చాప మీద వాలిపోయేది. నలభై ఏడేళ్లకే ముసలిదైపోయిందని వాళ్లు ఎగతాళి చేసేవారు. ఆమె నవ్వేసేది. ఎదురుచూసేది భర్త కోసమని ఎవరితో చెబుతుంది?

ఆ భర్త, బిజివెకి, చనిపోయి పదేళ్లయింది. దగ్గుతూ, చిక్కిపోతూ, రక్తపరీక్ష మాటెత్తితే గోడవైపు తిరిగి పడుకుంటూ, అలాగే పోయాడు. నాలుగేళ్లకు అదే దగ్గు తననూ పట్టుకుంటే మాలిటా తనంతట తానే ఆసుపత్రికి నడిచింది. రక్తపరీక్షలో హెచ్ఐవీ అని తేలాక, అక్కడి నర్సు లోంజెజో ఆమె చేతిలో మాత్రల డబ్బా పెట్టి, పక్కన కూర్చుని చెప్పింది.

"ఈ వైరస్ తనంతట తాను పెరగలేదక్కా. నీ ఒంటిని కాపాడే కణాల్లోకి దూరి, వాటిచేతే తనలాంటివాటిని వేలకొద్దీ చేయించుకుంటుంది. మాత్ర ఆ పని సాగనివ్వదు. కానీ లోపల దాక్కున్నదాన్ని చంపలేదు. నువ్వు మానేస్తే అది మళ్లీ లేస్తుంది."

తల తిరగొచ్చనీ, వింత కలలు రావొచ్చనీ, కొన్ని వారాల్లో అన్నీ సర్దుకుంటాయనీ కూడా చెప్పింది.

తల తిరగడం చాలావరకు తగ్గింది. ఒంటికి కండ పట్టింది. కలలు మాత్రం ఆగలేదు. సరస్సు చప్పుడు చేయకుండా గడప దాకా వచ్చేది. నీళ్ల మీద నడుచుకుంటూ భర్త వచ్చేవాడు, భుజాన వల, పాదాలకు తడి లేకుండా. వలలో చేపలు పక్కింటి ఆడవాళ్లలా గుసగుసలాడేవి. అతను కూర్చుని, కూరలో ఉప్పు తక్కువైందని సణిగేవాడు. ఒక్కోసారి ఇద్దరూ దోనె ఎక్కి ఊళ్లోని ఇళ్ల కప్పుల మీదుగా తేలిపోయేవారు. మామిడి కొమ్మలు ఆమె మోచేతులకు తగిలేవి. ముప్పై ఎనిమిదేళ్లకు పోయినవాడికి ఆ కలల్లో జుట్టు నెరిసింది, నడుము కాస్త వంగింది. తెల్లవారి లేచేసరికి అతని చెమట వాసన చాపలో ఉన్నట్టే ఉండేది.

ఆరేళ్లు అలా గడిచాక, ఒక వర్షాకాలం లోంజెజో కొత్త మాత్ర ఇచ్చింది. ఇది ఇంకా గట్టిదనీ, వైరస్ తన జన్యువుల రాతను మన కణాల రాతలో కలపకుండా అడ్డుపడుతుందనీ చెప్పింది. బరువు పెరగొచ్చు, నిద్ర చెడొచ్చు, అందుకే పొద్దున్నే వేసుకోవాలి.

"కలలు?" అంది మాలిటా.

"చాలామందికి తగ్గుతున్నాయి," అంది నర్సు సంతోషంగా.

మాలిటా కొత్త డబ్బాను బట్టల కింద దాచేసింది. ఇంట్లో పాత మాత్రలు ఇంకా ముప్పై దాకా ఉన్నాయి. ఎక్కువ రోజులు వస్తాయని రోజు విడిచి రోజు వేసుకుంది. అవి అయిపోవస్తుండగా తీసిన రక్తంలో, ఏళ్ల తరబడి కనబడని వైరస్ మళ్లీ కనబడింది. ఫలితం రాగానే లోంజెజో కబురు పెట్టకుండా తనే చేపల తడికెల దగ్గరికి వచ్చింది. పక్కకు తీసుకెళ్లి అడిగితే, మాలిటా ఉన్నదంతా చెప్పేసింది.

నర్సు తిట్టలేదు. ఇలా అరకొరగా మింగితే వైరస్ ఆ మందుకు అలవాటు పడిపోతుందని, అప్పుడది పనికిరాకుండా పోతుందని మెల్లగా చెప్పింది. ఆపైన అంది: "ఆయన్ని రావొద్దనలేనక్కా. కానీ నువ్వు ఆయన దగ్గరికి పోవడానికి నేనొప్పుకోను."

మర్నాటి నుంచి మాలిటా కొత్త మాత్ర వేసుకుంది. మొదట్లో కలలో భర్త దూరంగా, పొగమంచులో కనిపించాడు. తర్వాత వల ఒక్కటే కనిపించింది. ఒకనాడు ఏ కలా లేకుండా తెల్లారిపోయింది. ఆ పొద్దున ఆమె తడికెల మధ్య కూలబడి, అతను పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

బిజివెకి అక్క నాసిబెకో పరుగెత్తుకొచ్చింది. విషయం విని ముందు కోప్పడింది. "మా తమ్ముడు ఆరేళ్లు నీ ఇంటికొచ్చి పోతుంటే నాతో ఒక్క ముక్క చెప్పవా?" అంది. తర్వాత తను ఒంటికి చుట్టుకున్న చితెంజె బట్ట కొంగుతో ఆమె మొహం తుడిచింది.

ఆనాటి నుంచి చేపలు తిరగేస్తూ మాలిటా ఆ కలలను ఒక్కొక్కటిగా ఆమెకు చెప్పసాగింది. తదుపరి పరీక్షకి వైరస్ మళ్లీ కనబడకుండా పోయింది. నడుము మాత్రం లావెక్కింది. చాప ఇక పెద్దది నేయించాలని నాసిబెకో ఆటపట్టించేది.

ఒకరోజు కలలన్నీ చెప్పడం అయిపోయింది.

"వాడికి చిన్నప్పుడు నీళ్లంటే భయం, తెలుసా?" అంది నాసిబెకో. "ఏడేళ్లొచ్చేదాకా నా వీపు దిగేవాడు కాదు."

మాలిటా చేతిలోని చేపలు తడికె మీద పెట్టేసి, ఆమె దగ్గరికి జరిగి కూర్చుంది.

"చెప్పు వదినా. తర్వాత ఎలా దిగాడు?"