వరండాలో పలకరించని మనిషి

కొండాపూర్‌లో మా ఫ్లాటుకి ఎదురుగా ఇంకో మేడ లేస్తోంది. పొద్దున కాఫీ చేతిలోకి తీసుకునేసరికి బండను తొలిచే మిషను మొదలవుతుంది. చెవులు గింగురుమంటాయి. కిటికీ ఎంత బిగించినా రాతిపొడి వాసన లోపలికొచ్చి కాఫీని కూడా పాడుచేస్తుంది. అసోసియేషన్‌కి ఫిర్యాదు చేస్తానంటుంది మా కోడలు. చెయ్యి తల్లీ అంటాను గానీ, నిజం చెప్పాలంటే ఆ వాసన నాకు కొత్తదేం కాదు. ఈ అద్దాల ఆఫీసులు, ఫ్లైఓవర్లు ఏవీ లేనప్పుడు, కనుచూపు మేర రాతిగుండ్లూ తుప్పలూ తప్ప ఇంకేమీ లేనప్పుడు, రాళ్ళు కొట్టేవాళ్ళ పక్కనుంచి ఇదే దుమ్ము పీలుస్తూ మా సీనియర్ మాణిక్యరావు గారి వెనకాల నడిచాను. డెబ్బైల నడిమి మాట. అప్పటికి నేను లా చదివి బయటికొచ్చి ఎంతో కాలం కాలేదు.

మాణిక్యరావు గారిని చూడనివాళ్ళకి ఆయన్ని ఎలా చెప్పాలి? పొట్టి మనిషి. ఉర్దూలో చదువుకుని, ఇంగ్లీషులో వాదించి, తెలుగులో కోప్పడేవారు. ఆడపిల్ల చేతిలో ఫైలు కనిపిస్తే కక్షిదారులు ఇంకో వకీలును వెతుక్కునే రోజుల్లో నన్ను జూనియర్‌గా చేర్చుకున్నారు. ఎందుకు చేర్చుకున్నారని నేనొకసారి అడిగితే, "నువ్వొక్కదానివే కుర్చీ ఇయ్యకముందే కూసున్నవ్. కోర్టుల గంత ధైర్యం కావాలె" అన్నారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తెలియదు. మా నాన్నగారు గుంటూరు నుంచి సెక్రటేరియట్ ఉద్యోగం మీద వచ్చిన మనిషి. నల్లకోటు మోజు ఇంకొక్క ఏడాది చూసి, ఆ తర్వాత బుద్ధిగా ఏ ఆఫీసులోనో టైపిస్టుగా చేరాలని నాకు గడువు పెట్టారు. ఆ గడువు నా నెత్తిమీద ఎప్పుడూ కూర్చునే ఉండేది.

మేము ఆ గుండ్ల మధ్య నడిచింది మల్లయ్య అనే రైతు కోసం. మియాపూర్ అవతల, తండ్రి కాలం నుంచీ తాను కౌలుకు దున్నుతున్న పొలం అది. నువ్వు అసలు కౌలుదారువే కాదు పొమ్మన్నాడు భూస్వామి. ఆ తగాదా కింది కోర్టులన్నీ దాటి హైకోర్టుకు వచ్చింది. కాగితాలు చదివితే చాలదు, పొలం చూడాలన్నారు మా సార్. ఎండలో గట్లన్నీ తిప్పారు. బావి ఎవరు తవ్వారు, గుండ్లు ఎవరు తీయించారు అని చుట్టుపక్కల వాళ్ళని అడిగి రాసుకోమన్నారు. చివరికి మల్లయ్య భార్య జొన్నరొట్టెలూ పచ్చిపులుసూ పెట్టింది. ఆకలి మీద ఉన్నానేమో, సిగ్గు లేకుండా తిన్నాను. తిరిగి వచ్చాక ఆ కేసు నాకు కరతలామలకం. సార్ వాదిస్తూ తడబడితే పేజీ చూడకుండా అందించేదాన్ని.

సరిగ్గా ఆ కేసు సగం వాదనలు అయినప్పుడే ఆ కబురు వచ్చింది. కేసు వింటున్న జడ్జి గారికి ఒక కుర్ర లాయరు కావాలట. పాత తీర్పులు వెతికిపెట్టడం, కేసుల సారాంశం రాసివ్వడం, ఏడాది పాటు ఆయన ఛాంబర్‌లో పని. ఇప్పుడు లా క్లర్కులంటున్నారు, నోటిఫికేషన్లూ ఇంటర్వ్యూలూ ఉన్నాయి. అప్పట్లో మాకు అలాంటివేవీ తెలియవు. ఆ జడ్జి గారికి తోచింది, బార్‌లో చెప్పించారు, అంతే. జడ్జి గారి దగ్గర ఏడాది పనిచేసి వస్తే నన్ను ఆడపిల్ల అని ఎవడు వెనక్కి పంపుతాడు? మా నాన్నగారు టైపు మిషను ఊసెత్తగలరా?

ఆ సాయంత్రమే సార్ దగ్గరికి వెళ్ళి, "నా గురించి జడ్జి గారితో ఒక్క మాట చెప్పండి సార్" అని అడిగాను. ఆయన చదువుతున్నది పక్కన పెట్టి, "చెప్ప" అన్నారు. నాకు అర్థం కాలేదు. చెప్తాననా, చెప్పననా? "చెప్పనంటున్న. నా కేసు ఆయన ముంగట నడుస్తున్నది. నేను నీ కోసం నోరు తెరిస్తే ఆయన్ని పరేషాన్ చేసినట్టయితది. పోవాలంటే నువ్వే పో, అడుగు. ఎవరొద్దన్నరు?" అని ఊరుకుంటే బాగుండేది. చెయ్యి చాపి నా ఒళ్ళోంచి మల్లయ్య ఫైలు లాక్కున్నారు. "అడుగుతనన్నవ్ గదా. ఇగ ఇయ్యాల్టి నుంచి ఇది ముట్టకు. ఆ జడ్జి ముంగటున్న నా కేసులేవీ ముట్టకు."

ఒళ్ళు మండిపోయింది. "నేనేమైనా అక్కడికెళ్ళి మన రహస్యాలు చెప్తానా అండీ? నా మీద అంత అనుమానమా?" అన్నాను. కోపం వస్తే నాకు 'అండి' ఇంకా ఎక్కువ వస్తుంది, అది మా గుంటూరు జబ్బు. సార్ నవ్వలేదు. "నీ నోటి మీద నాకు షక్ లేదు బిడ్డా. కానీ మల్లయ్య ఇంట్ల రొట్టె తిన్నవ్. ఆని భార్య ముఖం చూసినవ్. రేపు జడ్జి సాబ్ గా కాగితాలే నీ ముంగట పెట్టి, ఏముందో రాయమంటే, నీ కలం ఎటు దిక్కు వంగుతదో నీకే తెల్వదు. నాకూ తెల్వకపోతుండె." ఆ మాట నిజమని తోచి కోపం ఇంకా పెరిగింది. ఇంటికి వెళ్ళి అన్నం మీద అలిగాను.

మర్నాడే వెళ్ళి జడ్జి గారి సెక్రటరీకి నా పేరు ఇచ్చి వచ్చాను. ఆ సంగతి మా గుమాస్తా నోట మల్లయ్య చెవిన పడింది. అతను పొంగిపోతూ ఆఫీసుకు వచ్చాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని, ముఖమంతా నవ్వు చేసుకుని, "సల్లని మాట ఇన్న సారూ! మన అమ్మ జడ్జి దొర దగ్గర్నే కూసుంటదంట గదా. ఇగ మనకేం ఫికర్? మన మనిషి లోపలున్నంక గెలిచినట్టే!" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సార్ నావైపు చూసి, "ఇన్నవా?" అన్నారు. మన మనిషే ఇలా అనుకుంటే అవతలి మనిషి ఏమనుకుంటాడో నాకు ఆయన చెప్పనక్కర్లేకపోయింది. మల్లయ్యకు కుర్చీ వేయించి, "అమ్మ అక్కడికి పోతే నీ కేసు పేరు గూడ ఎత్తదు. ఎత్తితే నేనే ఆమె మీద ఫిర్యాదు చేస్త" అని సార్ నెమ్మదిగా చెప్పారు. మల్లయ్య నవ్వు ఆరిపోయింది.

తర్వాతి వాయిదా నాడు నేను వెనక బెంచీలో, కేసుతో సంబంధం లేని దానిలా కూర్చున్నాను. సార్ లేచి వాదన మొదలుపెట్టకుండా, తన జూనియర్ ఒకామె తమరి దగ్గర పనికి పేరిచ్చిందనీ, ఇచ్చేముందే ఆమెను ఈ కేసు నుంచి తప్పించాననీ, అయినా అవతలి పక్షానికి తెలియాలి గనక బహిరంగంగా చెబుతున్నాననీ జడ్జి గారికి విన్నవించారు. అప్పుడు భూస్వామి తరఫు వకీలు గారు, పచ్చగా దబ్బపండులాంటి పెద్దమనిషి, లేవాలా వద్దా అన్నట్టు సగం లేచి, గొంతు సవరించుకుని, తమ జూనియర్ కుర్రాడు కూడా పేరు ఇచ్చాడని నీళ్ళు నమిలారు. హాలంతా గొల్లుమంది. జడ్జి గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత ముఖం గంభీరంగా పెట్టి, వీరిలో ఎవరు వచ్చినా రాకపోయినా ఈ కేసు ఇక తన బల్ల మీద ఉండటం బాగుండదని చెప్పి, ఇంకో జడ్జి గారి ముందుకు మార్పించమన్నారు.

నవ్వులు అయిపోయాక అసలు దెబ్బ తెలిసింది. ఆ జడ్జి గారు మల్లయ్య వైపు మొగ్గుతున్నట్టు ఆయన అడిగిన ప్రశ్నల్లోనే కనిపించేది. ఇప్పుడు కొత్త జడ్జి గారి ముందు మళ్ళీ మొదటి నుంచీ. వరండాలోకి రాగానే మల్లయ్య, "గిట్లెందుకు జేసినవ్ సారూ? ఒడ్డుకొచ్చిన పడవను మళ్ళ నడి ఏట్లకు నూకినవ్" అన్నాడు. సార్ తల వంచుకుని విన్నారు. నాకు ఏడుపు వచ్చింది. నా పేరు వెనక్కి తీసుకుంటానన్నాను. అప్పుడు మాత్రం ఆయనకు నిజంగా కోపం వచ్చింది. "తీసుకుంటే కేసు మళ్ళ ఆడికి పోతదా? పోదు. నువ్వు పోవుడు తప్పు గాదమ్మా. చెప్పకుంట పోవుడు తప్పు. జర సమజ్ చేసుకో" అని గదమాయించి, మల్లయ్య భుజం మీద చెయ్యి వేసి టీకి తీసుకెళ్ళారు.

ఉద్యోగం నాకే వచ్చింది. జడ్జి గారు మా ఇద్దర్నీ పిలిచి ఒకే తీర్పు సారాంశం రాయించారు. నాది నచ్చింది. మా నాన్నగారు ఆ రోజు నా ఉద్యోగం గురించి వీధిలో అందరికీ వినపడేలా మాట్లాడారు. మొదటి రోజు కోటు ఇస్త్రీ చేయించుకుని వెళుతుంటే వరండాలో ఎదురుగా మాణిక్యరావు గారు. చెప్పాలని పరుగులాంటి నడకతో వెళ్ళి, "సార్!" అన్నాను. ఆయన నన్ను దాటుకుని వెళ్ళిపోయారు. వినపడలేదేమో అనుకున్నాను. మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడు నన్ను దూరం నుంచే చూసి, పక్క మెట్ల మీదుగా దిగిపోయారు.

ఆ ఏడాది అలాగే గడిచింది. చట్టం అంత దూరం ఏమీ చెప్పదు. బాగున్నావా అంటే ఆకాశం విరిగి పడదు. కానీ మా కోర్టు వరండాలు అలాంటివి కావు. ఎవరు ఎవరితో నవ్వారు, ఎవరి భుజం మీద ఎవరు చెయ్యి వేశారు అన్నదాన్ని బట్టి సాయంత్రానికల్లా తీర్పులు ఊహించేవాళ్ళు స్తంభానికొకరు ఉండేవారు. బుర్రకు ఈ సంగతి తెలుసు. మనసుకు తెలియాలి కదా! వాళ్ళ అమ్మాయి పెళ్ళయింది, కార్డు రాలేదు. మాతో పనిచేసిన జూనియర్లందరూ వెళ్ళి భోజనాల గురించి చెప్పుకుంటుంటే నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. నా వల్ల ఆ కేసు ఇంకో జడ్జి ముందుకు పోయినందుకు నా మీద పగబట్టాడు ముసలాయన అని కూడా అనుకున్నాను. ఒకసారి ఆయన వారం పాటు కోర్టుకు రాలేదు. జ్వరమని ఎవరో అన్నారు. ఎలా ఉన్నారని అడగడానికి కూడా ధైర్యం చాల్లేదు.

నా ఏడాది ముగిసిన మర్నాడు పొద్దున్నే మా ఇంటి గేటు చప్పుడైంది. తీసి చూస్తే సార్, పక్కన వాళ్ళావిడ సావిత్రమ్మ గారు. "ఇగ మాట్లాడొచ్చు" అన్నారు సార్, నిన్న ఆపిన మాట అందుకున్నట్టు. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "ఎవరండీ మీరు? నాకు తెలీదు" అన్నాను. సావిత్రమ్మ గారు విరగబడి నవ్వి, "మంచిగైంది! ఇంక తిట్టు. పెండ్లికి నిన్ను పిలవనియ్యలేదని నేను గూడ ఈయనతోని ఎన్నొద్దులో మాట్లాడలే. వంటోల్లతోని చెప్పించిన, అన్నం అయిందని" అన్నారు. సార్ గడప దగ్గరే నిలబడి, "పిలిస్తే వస్తది. వస్తే ఎవడన్నా చూస్తడు. చూసినోడు ఆ జడ్జి సాబ్‌ను అంటడు. ఈమెను గూడ అంటడు" అని గొణిగారు. తర్వాత నా వైపు చూడకుండా, "నీ పేరు మీద మచ్చ పడొద్దని బిడ్డా, అంతే" అన్నారు. నేను అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాను. మల్లయ్య సంగతి అడిగాను. సగం పొలం నిలబడిందట, సగం పోయిందట. "ఇంకా నా మీద కోపంగనే ఉన్నడు" అన్నారు సార్. అది మాత్రం ఎన్నడూ పూర్తిగా తగ్గలేదు. నేను దాన్ని దాచి ఆయన్ని గొప్ప చేయదలచుకోలేదు.

మాణిక్యరావు గారు పోయి చాలా ఏళ్ళయింది. నేను ఇప్పటికీ అడపాదడపా కోర్టుకు వెళుతున్నాను. నా దగ్గర రెండేళ్ళు పనిచేసిన సింధు అనే అమ్మాయి ఈ వేసవిలో ఒక జడ్జి గారి దగ్గర లా క్లర్కుగా చేరింది. ఆ జడ్జి గారి ముందు నా కేసు ఒకటి ఉంది. సింధు ఉండేది మా అపార్ట్‌మెంట్‌లోనే, పై అంతస్తులో. ఈ ఏడాది మన మధ్య పలకరింపులు ఉండవని, ఎందుకు ఉండవో కూడా చేరేముందే చెప్పాను, తలూపింది. తలూపడం వేరు, ఎదురుపడటం వేరు. ఈ పొద్దున లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. కొత్త కోటు వేసుకుంది, కాలర్ ఒక పక్క లోపలికి మడతపడి ఉంది. "గుడ్ మార్నింగ్ మేడమ్" అని, నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. చెయ్యి చాపితే కాలర్ అందుతుంది. నేను తలుపు మీద వెలుగుతున్న అంకెల్ని చూస్తూ కిందికి దిగాను. దిగి, వెనక్కి తిరగకుండా గేటు దాకా నడిచాను. ఇన్నాళ్ళూ ఆ ఏడాది బాధంతా నాదే అనుకున్నాను. ఆయన ఒక ఏడాది పాటు రోజూ అలా ఎలా నడిచి వెళ్ళారో, అడగడానికి ఇప్పుడు ఆయన లేరు.