జారే బండి బొమ్మ

ముందు వినిపించింది టీ చప్పుడు. రేకుల షెడ్డు వెనక, గోనె పరదా అవతల, ఎవరో గ్లాసులోంచి గ్లాసులోకి టీ పోస్తున్నారు. సన్నని ధార ఎత్తు నుంచి దిగుతోంది, ఆగుతోంది, మళ్లీ దిగుతోంది. ఎండలో చిన్న కాలువ ఒకటి దారి మరిచిపోయి మాటిమాటికీ వెనక్కి వస్తున్నట్టుంది. డ్రైవరు యేసురత్నం కారుకు ఆనుకుని పద్దెనిమిది ధారలు లెక్కపెట్టాడు. పందొమ్మిదోది పడేసరికి కళ్లు మూతలు పడ్డాయి.

మెకానిక్ చోటే సాబ్ వేడిగా ఉన్నదేదీ ముట్టుకోడు. ఎమ్మిగనూరులో ఈ సంగతి తెలియని మనిషి లేడు. టీ చల్లారాలి, అన్నం చల్లారాలి, ఇంజను చల్లారాలి. ఆరేళ్ల కిందట బావమరిది మీద కోపం వస్తే, కోపం చల్లారాక అడుగుదామని ఆగాడు. ఈలోగా ఆ బావమరిది ఇల్లు కట్టి, కూతురి పెళ్లి చేసి, ఆ పెళ్లిలో చోటే సాబ్‌నే పెద్దమనిషిగా కూర్చోబెట్టాడు.

పరదా తొలగింది. అరవై దాటిన పొడుగాటి మనిషి, చేతిలో ఆవిరి లేని టీతో బయటికి వచ్చాడు. బోనెట్ మీద అరచేయి ఆనించాడు, నిద్రపోయే పసిబిడ్డ వీపు మీద ఆనించినట్టు.

"సల్లారనీ."

"సాబన్నా, దీపం ఆర్పితే సాలు. ఇంజను జోలే లేదు."

"ఏ దీపం?"

యేసురత్నం తాళం తిప్పి చూపించాడు. స్టీరింగు వెనక పసుపుపచ్చగా చిన్న కారు బొమ్మ, దాని కింద రెండు వంకర గీతలు. చక్రం జారకుండా కాచుకునే ఏర్పాటు పనిచేయడం లేదని దాని అర్థం. రెండు రోజులుగా వెలుగుతూనే ఉంది. ఆదోనిలో ఒకాయన బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెట్టాడు. ఆరినట్టే ఆరి, ఊరు దాటకముందే వెలిగింది. ఇంకొకాయన దాని మీద నల్ల టేపు అంటించి, "ఇప్పుడు సూడు, ఉందా?" అన్నాడు. ఓనరు శేఖర్ ఆ టేపును గోటితో గీకేశాడు.

"సాయంత్రం లోపల ఆరకుంటే, రేప్పొద్దున్నించి బండి జయన్నకిస్తాడంట మా శేఖరన్న."

"జయన్న కూర్చుంటే దీపం ఆరుతాదా?"

"నేను ఆరిపోతా."

చోటే సాబ్ నవ్వలేదు. "మొదట యాడ వెలిగింది?"

"హాలహర్వి దాటినాక. బళ్లారి నుంచి వస్తాంటే, తెల్లారుజామున. ఊరికే వెలిగింది."

"ఊరికే."

ఆ మాటను కూడా ఆయన కాసేపు చల్లారనిచ్చాడు. తర్వాత నులకమంచం చూపించాడు. "బండి సల్లారేదాకా ఆడ కూర్చో."

"ఎంతసేపు?"

"దాని ఇష్టమప్పా."

బళ్లారి, మంత్రాలయం, కర్నూలు, మళ్లీ బళ్లారి. మూడు రోజులుగా యేసురత్నానికి నడుము వాల్చడమంటే సీటు వెనక్కి వంచడమే. మంచం మీద కూర్చుంటే రోడ్డు ఇంకా కాళ్ల కింద పారుతూనే ఉంది. చోటే సాబ్ భార్య కరీమున్నీసా మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"ఈయనెప్పుడూ ఇంతేనా అక్కా?"

"నిఖా దినం ఖాజీ ఒప్పుకుంటావా అని అడిగితే, ఒక్క నిమిషం సాబ్ అన్నాడు. మా నాయన లేసి నిలబడినాడు. వచ్చిన సుట్టాలంతా సెప్పులు ఎతుక్కుంటాండారు..."

కథలో ఖాజీ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. పక్క వీధి మగ్గాల చప్పుడు ఒక్కో పోగూ సన్నగిల్లింది. మజ్జిగ గ్లాసు చేతిలోంచి ఎవరు తీసుకున్నారో యేసురత్నానికి తెలియదు.

లేచేసరికి ఎండ షెడ్డుకు అటుపక్క నుంచి వస్తోంది. సాయంత్రం గడువు గుర్తొచ్చి గబుక్కున మంచం దిగాడు. కారు కడిగి ఉంది. చక్రం పక్కన పాత పేపరు పరిచి, దాని మీద గుప్పెడు ఎండిన నల్లరేగడి, విరిగిన తుమ్మముల్లు.

"ఎప్పుడు సల్లారింది అక్కా?" అని పరదా దగ్గరున్న కరీమున్నీసాను అడిగాడు.

"నీ బండి పని అన్నం ఉడికే లోపల అయిపాయె. ఎడమపక్క ముందు చక్రం సెన్సరుకు మట్టి కరుసుకోని, వైరు ఊడొచ్చినాదంట. తుడిసి బిగిచ్చి, మిషను పెట్టి సూసి, ఒక రౌండు తిప్పుకోనొచ్చినాడు."

"మరి లేపలేదే?"

"బండి సల్లారాలంటే ఓనర్లు ఆగుతారు. డ్రైవరు పండుకోవాలంటే ఆగుతారా?" అని ఆమె ఖాళీ టీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

చోటే సాబ్ స్టూలు మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. శేఖర్ గొంతు బయటికే వినిపిస్తోంది.

"ట్రిప్పుకూ ట్రిప్పుకూ నడుమ ఆరు గంటలు నిలబెట్టాల శేఖరన్నా. లేకుంటే సెన్సరు అలుగుతాది."

"ఆరు గంటలా? ఆదోనిలో ఎవరూ ఈ మాట సెప్పలే."

"వాళ్లు టేపు అంటించినారు గదా."

"పోనీ సాబ్, డ్రైవరును మారిస్తే?"

"అస్సలొద్దు. సెన్సరు ఈయప్ప కాలికి అలవాటు పడింది. కొత్తోడు తొక్కితే మల్లా మొదటికొస్తాది."

"అట్లనా. సరే, ఆరు గంటలే గదా."

యేసురత్నం ఆ పేపరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. హాలహర్వి దాటాక కన్ను మూతపడిన ఆ ఒక్క క్షణం. ఎడమ చక్రాలు తారు దిగి రేగడిలో పడడం, ముళ్లకంప తలుపును గీరుతుంటే మెలకువ రావడం. ఓనరుకు చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు, చివరికి తనకు తానూ చెప్పుకోలేదు. చక్రం మాత్రం అంతా మూటగట్టి తెచ్చింది.

కారెక్కి తాళం తిప్పాడు. బొమ్మలన్నీ ఒక్కసారి వెలిగి, ఒక్కొక్కటే ఆరిపోయాయి. జారే బండి బొమ్మ కూడా పోయింది. అద్దం దించి, తల బయటికి పెట్టాడు.

"సాబన్నా, హాలహర్వి కాడ ఆ మట్టి..."

చోటే సాబ్ పేపరును ముల్లుతో సహా నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఏ మట్టప్పా? బండి కడిగినా గదా. నువ్వూ మొగం కడుక్కోని పో."