పాలగుట్ట కోటలో అద్దాల పెట్టె

రేవతి పాత టూత్ బ్రష్షుతో స్పాంజి మీది గంధాన్ని గీకుతోంది. గీకేకొద్దీ అది ఇంకా లోపలికి పోతోంది. తడిగుడ్డతో అద్దింది, పొడిగుడ్డతో ఒత్తింది, మళ్లీ బ్రష్షు తీసుకుంది.

చేతిలో ఉన్నది హెల్మెట్, కానీ బండి మీద పెట్టుకునేది కాదు. దీని లోపల కళ్లకెదురుగా రెండు చిన్న తెరలుంటాయి. వెనక నుంచి ఒక వైరు కంప్యూటరుకు పోతుంది. పెట్టుకున్నవాళ్లు తల ఎటు తిప్పితే అటువైపు దృశ్యం కనబడుతుంది. మద్రాసులో ఒక కాలేజీవాళ్లు నెల రోజులు వాడుకోమని ఇచ్చారు.

పక్కన నిలబడిన వరదయ్య నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. ఇరవై ఆరేళ్లుగా పాలగుట్ట కోటకు ఆయనే కావలి.

"నవ్వొద్దు వరదయ్యన్నా."

"నేనేం జేసేది పాపా? కోట చూడొచ్చిన ఆయప్ప గుండు మీద పెట్టగానే జర్రున జారి ముక్కు మీదికొచ్చె. అదీ మా ఆఫీసరు సారు ముందర! నేను పట్టుకోకపోతే నేల మీదుండు."

తిరుమలలో తలనీలాలిచ్చి, గుండుకు గంధం పూసుకుని, కొండ దిగాక జీపుల్లో చుట్టుపక్కల చూడబోయేవాళ్లే ఈ కోటకు ఎక్కువ. ఆడవాళ్లకు తలలో మూరెడు మల్లెపూలు. ఆ హెల్మెట్ చేసినవాళ్లకు ఈ సంగతి తెలియదు. తిరుపతిలో మూడేళ్లుగా టూరిజం మీద పరిశోధన చేస్తూ, ఏ యాత్రికుడు ఎన్ని నిమిషాలు ఎక్కడ నిలబడ్డాడో నోటు పుస్తకంలో రాసుకుంటున్న రేవతికి తెలుసు. తెలిసీ తట్టలేదు.

కోటలో మేడ మెట్లు పగుళ్లిచ్చి ఆరేళ్లయింది. పైకెవరినీ పోనివ్వరు. చూడాల్సిందంతా పైనే ఉంది: నగిషీ స్తంభాలు, రాణి కూర్చునే కిటికీ, అక్కడి నుంచి కనబడే దిగుడుబావి. వచ్చినవాళ్లు కింద చీకటి గదులు చూసి, "ఇంతేనా?" అని పోతున్నారు. ఆ 'ఇంతేనా' రేవతి పుస్తకంలో రెండు వందల సార్లు ఉంది. అందుకే అనుమతి తీసుకుని, వరదయ్య వెంట మూడు పొద్దులు పైకెక్కింది. ఒకే చోట నిలబడి ఇరవై నాలుగు దిక్కులకు ఫొటోలు తీసింది. ప్రతి దిక్కుకూ రెండేసి, రెండు కళ్ల మధ్య ఎంత ఎడముంటుందో అంత ఎడంతో. అవి రెండు కళ్లకూ విడివిడిగా చూపిస్తే లోతు కనబడుతుంది, అక్కడ నిలబడినట్టే ఉంటుంది.

ఆఫీసరు కోపం చేసుకోలేదు. గడువు మాత్రం పెట్టాడు.

"వచ్చే ఆదివారం దాకా చూస్తానమ్మా. అప్పటికి జనం వాడుకోగలిగే వస్తువు గేటు లోపలి ఆ మూల నిలబడితే, మూల నీది. లేదంటే కూల్‌డ్రింకుల అంగడికి ఇచ్చేస్తా. వాళ్లు రోజూ నా ప్రాణం తీస్తా ఉండారు."

చేతిలో తొమ్మిది రోజులు.

రేవతి బస్సెక్కి నగరిలోని ఇంటికి పోయింది. నాయన రంగనాథం పవర్‌లూమ్‌కు నూనె పోస్తున్నాడు. ఇప్పుడు లుంగీలే కానీ, ఒకప్పుడు ఆయనది చేతిమగ్గం, బుటా చీరలు. జరిగింది విని ఆయన నూనె డబ్బా కింద పెట్టి మరీ నవ్వాడు.

"మే, గుండుకు కిరీటం నిలస్తాదా? తల మీద పెట్టేదెందుకు? ఒక పెట్టె చేసి పెట్టు. వాళ్లే వచ్చి దాంట్లోకి వంగి సూస్తారు."

"రెండు చిన్న తెరలు యాడ తెచ్చేది నాయనా? నా దగ్గరుండేవి పెద్ద మానిటర్లు. రెండూ కళ్ల ముందర పక్కపక్కన పట్టవు."

"పక్కకు పెట్టి అద్దంలో సూపించు. మగ్గం కింద పండుకోని నువ్వు సూసింది ఏంది?"

బుటా చీర నేసేటప్పుడు బట్ట మంచి మొహం కిందికి ఉంటుంది. నేసేవాడికి కనబడేది వెనకవైపే. అందుకని మగ్గం కింద ఒక అద్దం పెడతారు. పదేళ్ల వయసులో రేవతి పని ఆ అద్దం దగ్గరే. తప్పు కనబడితే "నాయనా, ఎర్రబుటా పోయింది" అని కింది నుంచి అరిచేది. కంప్యూటరు ఆమె ఎక్కడా నేర్చుకోలేదు. విప్పి, బిగించి, చెడగొట్టి, బాగుచేసి తెలుసుకుంది. ఆ ఓర్పు మాత్రం మగ్గం కింద వచ్చిందే.

నాలుగు రోజుల్లో పెట్టె తయారైంది. ప్లైవుడ్డు కోసింది రంగనాథం. లోపల అటొక మానిటరు, ఇటొక మానిటరు ఎదురెదురుగా. మధ్యలో రెండు అద్దాలు ఏటవాలుగా. ముందు రెండు కంతలు. నుదురు ఆనించే చోట లుంగీ గుడ్డ పట్టీ. గంధమైతే పట్టీ మారిస్తే సరి. మౌసును తిరగేసి, దాని అడుగున దొర్లే గుండును, నూలు చుట్టే పాత బాబిన్‌తో తిప్పేలా అమర్చింది. బాబిన్ తిప్పితే దృశ్యం తిరుగుతుంది.

అంతా కుదిరింది, చూపు కుదరలేదు. స్తంభాలు గోడ వెనక్కి పోయినట్టు, గోడ మీదికొస్తున్నట్టు ఉంది. తల తిరుగుతోంది. అద్దాల వాలు తప్పిందనుకుంది. చెక్క ముక్కలు అరగదీసి ఇటు పెట్టింది, అటు పెట్టింది. మూడు రోజులు అరగదీసింది. శుక్రవారానికి చెక్క పొడి మిగిలింది కానీ స్తంభం ముందుకు రాలేదు. అలాగే పెట్టెను వ్యానులో కోటకు చేర్చింది.

శనివారం మధ్యాహ్నం వరదయ్య కంతల్లో కళ్లు పెట్టాడు. బాబిన్ తిప్పాడు. ఆగాడు.

"పాపా, బావి యాడ?"

"కిటికీ పక్కన అన్నా. కనబడలేదా?"

"కనబడతా ఉండాది. కుడిపక్క ఉండాది. ఇరవై ఆరేళ్లు చూసినా. కిటికీకి ఎడమపక్క గదా బావి. నేను సెలవు పెట్టినప్పుడు లేసి అటుపక్క పోయిందా?"

రేవతి ఆయన భుజం తట్టి జరిపి తాను చూసింది. బాబిన్ అటూ ఇటూ తిప్పింది. తరవాత తన నెత్తిన తానే కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

అద్దం కుడిని ఎడమ చేస్తుంది. అది చిన్నపిల్లలకూ తెలుసు. కానీ నేతవాళ్ల ఇంట్లో అద్దంలో కనబడేదే సరైన మొహం, మగ్గం మీద కనబడేదే తిరగమొహం. అందుకే అద్దాన్ని అనుమానించాలని ఆమెకుగానీ, రంగనాథానికిగానీ తోచలేదు. కుడియెడమలు తారుమారైతే లోతూ తారుమారవుతుంది. స్తంభం గోడ వెనక్కి పోయింది అందుకే. అద్దాల వాలు మొదటి నుంచీ సరిగానే ఉంది.

నలభై ఎనిమిది ఫొటోలు. ఒక్కొక్కటే కంప్యూటరులో కుడియెడమలు తిరగేసింది. మధ్యలో కరెంటు పోయి గంట కూర్చోబెట్టింది. అరగదీసిన ముక్కలు పారేసి, మొదటి వాలుకే కొత్తవి కోసి పెట్టింది. పొద్దుగూకే ముందు వరదయ్యను పిలిచింది.

ఆయన వంగాడు. చెయ్యి చాచి గాలిలో దేన్నో తడమబోయాడు.

"స్తంభం ముందరికొచ్చె. బావి దాని తావుకు పోయె." తల ఎత్తకుండానే అన్నాడు, "ఇంగ నాకు మెట్లెక్కే పని లేదు."

ఆదివారం పొద్దున మొదటి జీపులో దిగింది నెల్లూరు వైపు కుటుంబం. పెద్దాయనకు తాజా గుండు, నిండా గంధం. వంగి చూసి, గభాల్న పెట్టెను రెండు చేతులా పట్టుకున్నాడు.

"పడిపోతా పడిపోతా! యెంత ఎత్తుందే ఇది!"

"పడవులే సామీ, నేల మీదే ఉండావు," అన్నాడు వరదయ్య. "ఆ బాబిన్ తిప్పు. ఎడమకు తిప్పితే బావొస్తాది."

ఆయన భార్య తలలో పూలు నలగకుండానే వంగి చూసింది. వెనక వరస పెరిగింది. పన్నెండింటికి ఆఫీసరు వచ్చి వరసలోనే నిలబడ్డాడు. తన వంతు రాగానే వంగి, చాలాసేపు తిప్పాడు. వెనకున్న ముసలావిడ "ఇంగ జరగబ్బా, నీ ఒక్కడికేనా?" అంటే లేచాడు.

"కూల్‌డ్రింకులాయన్ని గేటు బయట చూసుకోమంటానమ్మా," అన్నాడు నుదుటి గంధం తుడుచుకుంటూ.

"పట్టీ మార్చేలోపల వంగినావు సార్," అన్నాడు వరదయ్య.

మధ్యాహ్నం రేవతి పెట్టె తాళంచెవి, అద్దాలు తుడిచే మెత్తగుడ్డ, ముప్పై లుంగీ పట్టీల కట్ట వరదయ్య చేతిలో పెట్టింది. కంప్యూటరు ఎలా వెయ్యాలో, ఎలా ఆర్పాలో ఆయన చేతే రెండుసార్లు చేయించింది. మూడోసారి ఆయన ఆమెను చెయ్యి పెట్టనివ్వలేదు. పాత పట్టీ లాగి బకెట్లో వేశాడు, కొత్తది బిగించాడు, వరస వైపు తిరిగాడు.

"ఊ, ఎవరమ్మా తరవాత?"