వేలు నాలుకకు ఆనించి

గుంటూరులో ఒంటిగదిలో ఉంటున్నదాన్ని, నాకంత కారం అక్కర్లేదు. అయినా ఏటా వేసవి మొదట్లో కేజీ ఎండుమిరపకాయలు తెచ్చుకుని, గడప దగ్గర పాత చీర పరుచుకుని ముచ్చికలు తీస్తాను. ఆ ఘాటుకి తుమ్ముకంటే ముందు అమ్మ గుర్తొస్తుంది.

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో మిరపకోతలు మొదలయ్యాయంటే కల్లాల్లో కాయలు, వాటి మీద తిరిగిన పిల్లల పాదాలు, ఆడవాళ్ల కళ్లు అన్నీ ఎర్రగానే ఉండేవి. అమ్మ పొద్దున్నే చద్దన్నం, గోంగూర క్యారేజీలో సర్దుకుని ముచ్చికలు తీసే పనికి వెళ్లి, పొద్దు వాలాక చేతులు ఒంటికి ఎడంగా పట్టుకుని వచ్చేది. పెరుగు రాసినా, కొబ్బరినూనె రాసినా వేళ్లలో మంట పోయేది కాదు. ఒకరోజు ఏడాదిన్నర తమ్ముడు గడప తట్టుకుని పడితే, అమ్మ చేతుల మంట సంగతి మర్చిపోయి ఎత్తుకుని వాడి కళ్లు తుడిచింది. వాడి అరుపులకి వీధి వీధంతా మా వాకిట్లోకి వచ్చింది. మర్నాటి నుంచి వాడికి నీళ్లు పోయడం నా పనైంది. నాకప్పుడు ఎనిమిదేళ్లు.

అమ్మ చేతులు కొంగులో చుట్టుకుని గడప మీద కూర్చుని, మాటలతోనే వాడికి స్నానం చేయించేది.

"ముక్కేదిరా నాయనా? అక్కకి చూపించు."

వాకిట్లో నాపరాయి మీద నిలబెట్టి, వాడు ఏది చూపిస్తే అక్కడ నేను నీళ్లు పోయాలి. బొడ్డు అడిగితే మోకాలు చూపించి వాడే కిలకిల నవ్వేవాడు. చెంబు నిండా, చెంబు ఖాళీ, ఒకటి, రెండు, మూడు, మళ్లీ ఒకటి. వాడికి మాటలన్నీ ఆ నాపరాయి మీదే వచ్చాయి. చదువు రాని అమ్మ పెట్టిన బడి అది. అందులో నేను సొంతంగా ఒక ప్రశ్న కలిపాను. "అమ్మ చెయ్యేదిరా?" అంటే వాడు మొహం ముడిచి, "ఉఫ్... మంట" అని ఊదేవాడు. అమ్మ కూడా నవ్వేది. నవ్వింది కదా అని నేను రోజూ అడిగాను.

ఈస్టరుకి తన చేతులతో వాడికి తలంటి చర్చికి తీసుకెళ్లాలని, అమ్మ వారం ముందే పని మానేసింది. మంట పోయిందా అని రోజూ వేలు నాలుకకు ఆనించి చూసుకునేది. శనివారం సాయంత్రం చూసుకుని, చిన్నపిల్లలా గంతేసినంత పని చేసింది.

ఆదివారం పొద్దున్నే, "చెంబు ఇటివ్వమ్మా, ఇవాళ నేను పోస్తా," అంది. చెంబు అందుకుని వాడి వైపు చెయ్యి చాచిందో లేదో, వాడు "మంట, మంట" అంటూ నా గౌను పట్టుకుని వేలాడాడు. "లేదురా, పోయింది, చూడు," అని తన వేలు తనే నోట్లో పెట్టుకుని చూపించింది. వాడు వినలేదు. అమ్మ చెంబు మళ్లీ నా చేతికిచ్చి, కొత్తబట్టలు తేవడానికని లోపలికెళ్లింది. చాలాసేపు రాలేదు. సిగ్గుచేటు, ఆ పూట నాకు గర్వంగా అనిపించింది.

తర్వాత వాడు అమ్మకి చేరువయ్యాడు, అది వేరే సంగతి. ఇప్పుడు మార్టూరులో రాళ్లు పాలిష్ చేసే చోట పనిచేస్తున్నాడు. అడిగితే ఏమీ గుర్తు లేదంటాడు. నాపరాయి లేదు, ఆ ఇల్లు లేదు, అమ్మ లేదు. ఆ ఆదివారం సంగతి నాకొక్కదానికే మిగిలింది.

కాయలు అయిపోయాయి. చేతులు కడుక్కుని, నూనె రాసుకుని, వేలు నాలుకకు ఆనించాను. మంట ఇంకా ఉంది. ఎంతసేపుంటే మాత్రమేం, ఈ గదిలో నేను తాకకూడని వాళ్లెవరూ లేరు.