ఆమెన్ అన్నాకే స్విచ్చి

నా భార్య పోయి ఐదు వారాలైంది. సూళ్లూరుపేటలో మమ్మల్ని ఎరిగిన వాళ్ళందరికీ తెలుసు. దూరాన ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. పదో రోజు ఉదయం వెళ్ళిపోయింది. ప్రభువు పిలుచుకున్నాడని సంఘం వాళ్ళు అన్నారు. ఆ మాట నా నోట ఇంకా రాలేదు.

ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. బడి అయ్యాక ఆమె లోకం వేరు. విడి భాగాలు తెచ్చి ఇంట్లోనే కంప్యూటర్లు బిగించేది. మొదటిది మాకోసం. తర్వాతవి చుట్టాలకు, తోటి టీచర్లకు, మందిరానికి. ముందు గదిలో భోజనాల బల్ల ఆమె పనిబల్ల అయింది. మేము నేల మీద కూర్చుని తినడం నేర్చుకున్నాం.

సామాన్లకు చెన్నై వెళ్ళేవాళ్ళం. తిరుగు రైల్లో మదర్‌బోర్డు పెట్టెను పైన పెట్టనిచ్చేది కాదు, ఒళ్ళోనే ఉండాలి. ఒకసారి చేపల గంపతో ఎక్కినామె ఆ పెట్టెకేసి అదే పనిగా చూసింది.

"ఏందమ్మా అది, మిఠాయా?"

"దీన్ని కొరికితే పళ్ళు రాలతాయి అక్కా."

"మరి అంత భద్రం ఎందుకు? నా చేపల్ని చూడు, కింద పడేసినా ఏమీ అనవు."

గూడూరు దాకా వెళ్ళాల్సిన ఆ మనిషి మేము దిగేలోపు కంప్యూటరుకు బుర్ర ఎక్కడుంటుందో, జ్ఞాపకం ఎక్కడుంటుందో మొత్తం నేర్చుకుంది. మా ఆవిడ ఎవరికైనా అలాగే చెప్పేది. వినేవాళ్ళకు చదువు ఉందా లేదా అని చూసేది కాదు.

పులికాట్ సరస్సు మీదుగా వచ్చే గాలిలో ఉప్పుంటుంది. ఏడాది తిరిగేసరికి మెమరీ ముక్కల అంచులు నల్లబడి కంప్యూటరు మొరాయిస్తుంది. పెన్సిలు రబ్బరుతో ఆ అంచులను మెల్లగా రుద్దేది. "ఈ గాలికి మనుషులు కూడా నల్లబడతారండీ. అప్పుడప్పుడు రుద్దుకుంటా ఉండాలంతే" అనేది. వంటింటి డబ్బాలో ఇప్పటికీ అరిగిపోయిన రబ్బర్లు ఉన్నాయి.

ఇక చెప్పాల్సింది చెబుతాను.

ఆ రోజుల్లో కంప్యూటరు వెనక, కరెంటు పెట్టె మీద, చిన్న ఎర్ర మీట ఉండేది. ఒకవైపు 115, ఒకవైపు 230. మన కరెంటుకు 230 వైపే ఉండాలి. మా మొదటి కంప్యూటరు సిద్ధమైన రోజు నేను గుడ్డతో తుడుస్తూ ఆ మీటను గోటితో అటూ ఇటూ జరిపాను. ఏ వైపు వదిలానో చూసుకోలేదు. ఆమె మందిరంలో పాటల అభ్యాసానికి వెళ్ళే తొందరలో ఉంది. స్విచ్చి వేసింది. ఫట్‌మంది. పొగ, కాలిన వాసన. ఆమె కుర్చీలో కూలబడి, "ప్రార్థన చేసుకోకుండా మొదలుపెట్టినాను. అందుకే" అంది.

మీట జరిపిన సంగతి నేను బయటపెట్టలేదు.

తర్వాత ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. కొత్త కంప్యూటరు మొదటిసారి వేసేముందు ఆమె దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తుంది. నేను గోడ దగ్గర స్విచ్చి మీద వేలుంచి నిలబడాలి. "ఆమెన్ అన్నాకే వెయ్యండి. ముందు వెయ్యబాకండి." కళ్ళు మూసుకునే ముందు ప్రతిసారీ ఒకసారి నా వైపు చూసేది. వేలు సరిగ్గా ఉందో లేదో చూస్తోందనుకునేవాణ్ణి. నేను తలూపేవాణ్ణి. ఇరవై ఏళ్ళు తలూపాను.

ఆమె పోయాక ఇంట్లో జరిపిన ఆదరణ కూడిక అయ్యాక ఆమె చెల్లెలు, నాయుడుపేట నుంచి వచ్చినామె, బల్ల తుడుస్తూ ఉన్నట్టుండి నవ్వింది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"బావా, ఆ ఎర్ర మీట సంగతి అక్క మీతో ఎప్పుడూ అనలేదా?"

తాగుతున్న నీళ్ళ గ్లాసు కింద పెట్టాను.

"మర్నాడే చూసిందంట, 115 మీద ఉండిందని. 'మీ బావను గోడకాడ నిలబెడితే గానీ నా మిషను బతకదే' అని ఎంత నవ్విందో."

"మరి ఆ ప్రార్థన?"

"ప్రార్థన ప్రార్థనే బావా. దాంతో ఆటలాడే మనిషా అక్క?"

"నన్ను అడగొచ్చు గదా."

"మీరే చెప్తారని చూసింది. ఈసారి చెప్తాడేమోనే అనేది, కొత్తది బిగించినప్పుడల్లా."

ఎర్ర మీట ఉన్న పెట్టెలు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ఆమె నన్ను గోడ దగ్గరే నిలబెట్టేది. కళ్ళు మూసుకునే ముందు నా వైపు చూసేది.

బల్ల మీద ఇంకొకటి ఉంది. మందిరం కోసం బిగించింది. కీర్తనల పుస్తకంలో చిన్న అక్షరాలు ముసలివాళ్ళకు కనపడవని, పాటలు గోడ మీద పెద్దగా పడాలని ఆమె కోరిక. ఆఖరి స్క్రూ బిగించి, "నీరసంగా ఉందండీ, రేపు వేద్దాం" అంది. ఆ రేపు ఆసుపత్రికి వెళ్ళాం.

నిన్న పాస్టరుగారు వచ్చారు. "తొందరేం లేదు సార్. మీకు ఎప్పుడు మనసొస్తే అప్పుడే" అన్నారు. ఆదివారానికి తెస్తానని చెప్పాను.

ఈ ఉదయం బల్ల తుడిచాను. కంప్యూటరు వెనక వైపు చెయ్యి పెట్టలేదు. ఆమె కుర్చీని ఎప్పుడూ ఉండే చోటికి జరిపాను. గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి మీద వేలుంచాను. కుర్చీ వైపు చూసి, పైకే అన్నాను: "ఆ మీట జరిపింది నేనే."

కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది. అలవాటు కొద్దీ ఆగాను. వేలు ఇంకా స్విచ్చి మీదే ఉంది.